మీకు తెలుసా? జన్యుశాస్త్రమూ సైటేషన్ల లెక్కా

ఒక పరిశోధన పత్రాన్ని తర్వాతి పరిశోధకులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారో చెప్పేదే సైటేషన్ల లెక్క.

• 34 ఏళ్ల నిరీక్షణ: బఠాణీ మొక్కలపై గ్రెగర్ మెండెల్ రాసిన పత్రం 1866లో అచ్చయింది. 1900 దాకా దాన్ని ప్రస్తావించినవారు చాలా కొద్దిమందే. ఆ ఏడాది డి వ్రీస్, కోరెన్స్ వంటి వృక్షశాస్త్రజ్ఞులు దాని విలువను లోకానికి తెలిపారు. మెండెల్ అప్పటికే, 1884లోనే కన్నుమూశారు.

• తొలి అడుగు జన్యుశాస్త్రంలోనే: పరిశోధన పత్రాల సైటేషన్ల సూచికకు ఆద్యుడు అమెరికాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్. నోబెల్ గ్రహీత, జన్యుశాస్త్రజ్ఞుడు జాషువా లెడర్‌బర్గ్ ఆయనకు అండగా నిలిచారు. 1960ల తొలినాళ్లలో ముందుగా వెలువడింది జన్యుశాస్త్ర సూచికే. అన్ని శాస్త్రాలకూ ఉపయోగపడే సూచిక ఆ తర్వాతే వచ్చింది.

• పద్ధతులకే పెద్దపీట: 2014లో ‘నేచర్’ పత్రిక అత్యధిక సైటేషన్లున్న 100 పత్రాల జాబితా ప్రచురించింది. డీఎన్ఏ అక్షరక్రమాన్ని చదివే పద్ధతిపై ఫ్రెడరిక్ సాంగర్ బృందం 1977లో రాసిన పత్రం అందులో ముందు వరుసలో ఉంది. డీఎన్ఏ జంట సర్పిల నిర్మాణాన్ని వెల్లడించిన వాట్సన్, క్రిక్‌ల 1953 నాటి పత్రానికి మాత్రం చోటు దక్కలేదు! ప్రయోగశాలల్లో నిత్యం వాడే పద్ధతిని ప్రతిసారీ పేర్కొనాల్సి వస్తుంది. పాఠ్యపుస్తకాలకెక్కిన సత్యానికి ఆ అవసరం ఉండదు.

• హెచ్-ఇండెక్స్ అంటే: 2005లో భౌతికశాస్త్రజ్ఞుడు హోర్హే హిర్ష్ సూచించిన కొలమానం ఇది. ఒకరి పత్రాల్లో కనీసం 20 సైటేషన్ల చొప్పున పొందినవి 20 ఉంటే, హెచ్-ఇండెక్స్ 20. ఇదే కొలమానమైతే, జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్‌కు ఆయన జీవితకాలంలో దక్కేది అత్యల్ప స్థానమే. అందుకే పరిశోధకుల ప్రతిభను అంచనా వేసేవారు అంకెలతో సరిపెట్టుకోకుండా పత్రాలనూ చదవాలి.