రోగి మాట – వైద్యశిక్షణలో డిజిటల్ సాధనాలు

వైద్యం చదివే విద్యార్థి పుస్తకం మూసి రోగి మంచం ప్రక్కన నిలబడే కాలాన్ని ఇంటర్న్‌షిప్ అంటున్నాము. ఎం.బి.బి.ఎస్. వారికి నాలుగున్నర సంవత్సరాల చదువు తరువాత ఇది 12 నెలలు. ఫార్మ్.డి. వారికి ఆరవ సంవత్సరమంతా ఇదే. నర్సింగు వారికి చదువు చివరి భాగంలో కొన్ని నెలలు. ఇతరుల బాధను వినే బాధ్యత విద్యార్థిపై నిజంగా పడేది ఈ కాలంలోనే. సరిగ్గా ఈ కాలంలోనే అతని చేతికి కంప్యూటరు, టాబ్లెట్టు, సెల్‌ఫోను వచ్చి చేరినవి. వీటివలన అతడు రోగికి దగ్గరవుతున్నాడా, దూరమవుతున్నాడా అన్నది విచారింపదగిన విషయం. తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఆసుపత్రి సంగతులెందుకని మిత్రులు కొందరు నవ్వవచ్చును. ఆసుపత్రిలో జరిగేది చాలా భాగం మాటల వ్యవహారమే గనుక ఇది మా పరిధిలోనిదేనని మా నమ్మకం.

దూరమవుతున్నాడనుటకు సాక్ష్యాలున్నవి. అమెరికాలోని బాల్టిమోరు నగరంలో రెండు పెద్ద ఆసుపత్రుల ఇంటర్నులను వెన్నంటి పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రకటించినారు. అక్కడ ఇంటర్నులనగా డిగ్రీ పొంది మొదటి సంవత్సరం శిక్షణలో ఉన్న యువవైద్యులు. వారి పనివేళలో రోగులతో ప్రత్యక్షంగా గడిపినది 12 శాతం మాత్రమే. కంప్యూటరు ముందు గడిచినది 40 శాతం. మదరాసు వైద్యకళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన ఆచార్య అబ్రహాం వర్గీస్ 2008లోనే ఈ ధోరణిని ఎత్తిచూపి, తెరపై కనబడే రోగికి 'ఐ-పేషంట్' అని పేరు పెట్టినారు. తెరమీది రోగికి సేవలు సక్రమంగా అందుతున్నవి, మంచంమీది రోగి మాత్రం ఎదురుచూస్తున్నాడని ఆయన ఆవేదన.

ఐతే నేరమంతా యంత్రంపై మోపుట న్యాయం కాదు. 1984లో, ఆసుపత్రులలో కంప్యూటర్లు ఇంతగా వ్యాపించకముందే, ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక సంగతి లెక్కకట్టినారు. రోగి తన బాధను చెప్పనారంభించిన తరువాత వైద్యుడు సగటున 18 సెకన్లకే అడ్డుపడుతున్నాడట. వినకపోవుట పాత జబ్బే. యంత్రం దానికి కొత్త సాకు ఇచ్చినది, అంతే. అట్లయితే అదే యంత్రాన్ని వినుటకు వాడుకోవచ్చునా? వాడుకోవచ్చుననియే మా అభిప్రాయం. కాని దానికి ముందు భాష సంగతి తేల్చుకోవలసి ఉన్నది.

మన ప్రాంతంలో విద్యార్థి రోగాన్ని ఇంగ్లీషులో చదువుతాడు, రోగి దానిని తెలుగులోనో ఉర్దూలోనో అనుభవిస్తాడు. ఎల్లప్పుడూ ఇట్లే ఉన్నదనుకోరాదు. 1846లో హైదరాబాదులో వైద్యపాఠశాల వెలసినపుడు అక్కడి బోధన ఉర్దూలో జరిగినది. ఆ ఏర్పాటు మరల రావాలని మేము కోరుట లేదు, వచ్చే సూచనలూ లేవు. కాని నాటి విద్యార్థి రోగి మాటను తన చదువులోనికి తెచ్చుకొనుటకు ఏ వంతెనా దాటనక్కరలేకపోయినదని మాత్రం గుర్తుంచుకోవాలి. నేటి విద్యార్థి దాటవలసి ఉన్నది. పల్లె నుండి వచ్చిన అవ్వ "పానం బాగలేదు" అంటుంది. ఆ రెండు మాటలలో జ్వరం ఉండవచ్చును, దిగులు ఉండవచ్చును, పొద్దుటి నుండి అన్నం సయించకపోవుట ఉండవచ్చును. "కాళ్లు గుంజుతున్నయి" అన్నపుడు వాటిని ఎవరూ లాగుట లేదు. "కళ్లు తిరుగుతున్నవి" అన్నదానికి పదానికి పదం పెడితే కనుగుడ్లు గిరగిర తిరుగుతున్నవని తేలుతుంది. పాతబస్తీ గృహిణి "ఘబ్రాహట్" అంటే అది గుండెదడయో, భయమో, రెండూ కలిసినదో, ఆమెను మరి రెండు ప్రశ్నలు అడిగితే గాని తెలియదు. "దమ్ము" అన్న మాట ఒక్కటి రెండు భాషలవారికీ ఉమ్మడి సొత్తు. ఈ భేదాలన్నిటికీ ఆసుపత్రి ఫారంలో ఉన్నది ఒక్క గడి. విద్యార్థి అందులో తనకు తోచిన ఇంగ్లీషు పదం వేసి ముందుకు సాగుతాడు.

ఒక్క పదం ఎంత పని చేయగలదో ఫ్లారిడాలో 1980లో తెలిసివచ్చినది. స్పృహ తప్పిన 18 ఏళ్ల యువకుని వెంట వచ్చినవారు స్పానిష్‌లో 'ఇంటాక్సికాడో' అన్నారు. తిన్నదేదో వికటించినదని వారి భావం. వైద్యులు మత్తుమందు మితిమీరినదని గ్రహించినారు. దుబాసీని పిలుచుట అవసరమని ఎవరికీ తోచలేదు. అతని మెదడులో జరుగుతున్న రక్తస్రావం సకాలంలో బయటపడక, కాళ్లు చేతులు శాశ్వతంగా చచ్చుబడినవి.

ఇప్పుడు సాధనాల సంగతి. అన్నిటికంటె చౌకయైనది, విద్యార్థి జేబులో ఇదివరకే ఉన్నది, ఫోనులోని రికార్డరు. రోగి అనుమతి తీసుకొని మొదటి అయిదు నిమిషాల సంభాషణను భద్రపరచి, సాయంత్రం గురువు సమక్షంలో మరల వింటే, తానెక్కడ అడ్డుపడినదీ, ఏ మాట విడిచిపెట్టినదీ విద్యార్థికి తన గొంతులోనే వినబడుతుంది. ఇంతకు మించిన పాఠం ఏ గ్రంథమూ చెప్పలేదు. అనుమతి అన్నది తోచిన కాగితంపై వేలిముద్ర వేయించుట కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి కోరే పత్రం స్పష్టమైన సులభభాషలో ఉండాలనీ, ఇంగ్లీషులోగాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకొనే వీలుండాలనీ చెప్పినది. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నవి. ఆసుపత్రి నియమాలకు లోబడి, పేరు చెప్పకుండ, పాఠం ముగియగానే చెరిపివేసే పద్ధతిలో ఇది జరగాలి.

రెండవది అనువాద యంత్రం. కేంద్రప్రభుత్వం 2022లో ఆరంభించిన 'భాషిణి' వంటి ఏర్పాట్లలో మన రెండు భాషలకూ చోటున్నది. మందుల వేళలు చెప్పుటకు, దారి చూపుటకు ఇవి ఎంతో ఉపకరిస్తవి. కాని బాధను వినుటకు వీటిపై ఆధారపడరాదని మా గట్టి అభిప్రాయం. గ్రంథస్థమైన ఉర్దూ వేరు, మన ఇళ్లలోని దక్కనీ వేరు. అదే విధంగా పాఠ్యపుస్తకపు తెలుగు వేరు, నల్లగొండ తెలుగు వేరు, కర్నూలు తెలుగు వేరు. యంత్రం తడబడినపుడు తాను తడబడినట్లు చెప్పదు. అందుచేత యంత్రం ఇచ్చిన అనువాదం ప్రక్కనే రోగి అన్న మూలపదాన్ని తెలుగు లిపిలోనో ఉర్దూ లిపిలోనో వ్రాసి ఉంచుట విద్యార్థికి అలవాటు కావాలి. యూనికోడు వచ్చిన తరువాత ఏ ఫోనులోనైనా ఇది సాధ్యమే.

వ్రాతలో మరొక చిక్కున్నది. వైద్యుల ఇంగ్లీషులో రోగి 'కంప్లెయిన్' చేస్తాడు. జ్వరం లేదంటే జ్వరాన్ని 'డినై' చేసినాడంటారు. మందు మానితే 'నాన్ కంప్లయంట్' అన్న ముద్ర పడుతుంది. ఇది కోర్టు భాషా, ఆసుపత్రి భాషా? 2010లో బోస్టను మొదలైన మూడు చోట్ల 105 మంది వైద్యులు తమ వ్రాతలను రోగులే కంప్యూటరులో చదువుకొనే ఏర్పాటుకు అంగీకరించినారు. 'ఓపెన్ నోట్స్' అన్న ఆ ప్రయత్నం తరువాత విస్తరించినది. రోగి చదువుతాడని తెలిసిన కలం కొంత మర్యాదగా నడుస్తుంది.

నర్సింగు శిక్షణలో ఉన్న మా పూర్వ విద్యార్థిని ఒకరు ఆ మధ్య కళాశాలకు వచ్చినపుడు చెప్పిన సంగతి ఇక్కడ ప్రస్తావింపదగినది. ఆమెకిచ్చిన టాబ్లెట్టులో షుగరు రోగి మందు వేసుకొంటున్నాడా అన్న ప్రశ్నకు 'అవును', 'కాదు' అని రెండే గడులున్నవట. ఒక పెద్దాయన 'కాదు' అన్నాడు. ఆమె గడి నొక్కక, "ఎందుకు తాతా?" అని అడిగినది. రంజాను ఉపవాసాలలో పగటి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఎవరూ చెప్పలేదనీ, పొరబాటు జరుగునేమోనని మానినాననీ ఆయన సమాధానం. అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవారికీ ఇదే సందేహం కలుగుతుంది. ఆమె వైద్యుని అడిగి, మాత్రల వేళలు మార్పించి, ఆ కొత్త వేళలను తాతగారి మనుమని ఫోనులో ఉర్దూ మాటలతో రికార్డు చేసి ఇచ్చినది. ఫారంలో 'ఎందుకు' అన్న గడి నేటికీ లేదట! ఫారాలు తయారుచేసేవారు ఒక్కసారైనా వార్డులో కూర్చోవాలని మాకనిపించినది.

2019లో నాటి భారత వైద్యమండలి తెచ్చిన పాఠ్యప్రణాళికలో పునాది కోర్సుకు 175 గంటలు కేటాయించి, అందులో 40 గంటలు భాషకూ కంప్యూటరుకూ కలిపి ఒకే శీర్షిక క్రింద పెట్టినారు. ఆ రెంటినీ జతచేసినవారు తెలిసి చేసినారో తెలియక చేసినారో గాని, మంచి పని చేసినారు.

మన ఇంటర్మీడియెట్ బై.పి.సి. నుండి ఏటేటా కొందరు వైద్యం, నర్సింగు, ఫార్మసీ, లాబు టెక్నీషియను చదువులకు వెళ్తున్నారు. వారు వెళ్లేలోగా మనం చేయగల పని ఒకటి ఉన్నది. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి, ఇళ్లలో పెద్దలు తమ బాధలను చెప్పుకొనే మాటలను విద్యార్థుల చేత సేకరింపజేయుట. ఎవరి ఇంటి పేరూ, వ్యాధి వివరమూ అక్కరలేదు. మాట, అది విన్న ఊరు, దాని భావం, వీలైతే ఆ ఉచ్చారణ రికార్డు చాలును. ఉర్దూ శాఖలోని సహోపాధ్యాయులు ఇందుకు సుముఖంగా ఉన్నారు. శనివారం చివరి పీరియడు, కంప్యూటరు గదిలో ఒక యంత్రం కమిటీవారు అనుమతిస్తే రాబోయే విద్యాసంవత్సరం మొదటి నెలలోనే పని మొదలుపెట్టగలము. సుమారు నలభై మాటలు ఇప్పటికే మా నోటు పుస్తకంలో ఉన్నవి. వాటిలో పదకొండింటికి ఉర్దూ సమానార్థకం ఇంకా దొరకలేదు.