నాలుగు కప్పులకు ఎన్ని దుబ్బులు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లే. అయినా ఇక్కడ తేయాకు పండదు. దానికి ఏటా 1,500 మిల్లీమీటర్ల వరకు వాన కావాలి, పులుపు నేల కావాలి. మన పడమటి మండలాల్లో వాన వెయ్యి దాటితే అదే పెద్ద ఏడు. కానీ సాయంత్రం కప్పులోకి తేయాకే ఉండాలని లేదు. నిమ్మగడ్డి, తులసి, పుదీనా పెరట్లోనే వస్తాయి. వీటిలో కెఫీన్ ఉండదు కాబట్టి రాత్రి తాగినా నిద్ర చెడదు.

ఎంత ఆకు కావాలి? నలుగురున్న ఇల్లు, మనిషికి రోజుకో కప్పు అనుకుందాం. 200 మిల్లీలీటర్ల నీళ్లకు ఎండాకు 2 గ్రాముల చొప్పున నెలకు 240 గ్రాములు. పచ్చాకులో ఐదింట నాలుగు పాళ్లు నీరే. అంటే నెలకు 1,200 గ్రాముల పచ్చాకు, ఏడాదికి 14 కిలోల పైమాట.

నీళ్లున్న పొలంలో నిమ్మగడ్డిని 60 సెంటీమీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు దాదాపు 27,700 దుబ్బులు పడతాయి. ఏడాదికి 25 టన్నుల గడ్డి వచ్చిందనుకుంటే దుబ్బుకు 900 గ్రాములు. ఆ లెక్కన మన ఇంటికి 16 దుబ్బులు! మిద్దె మీద రెండు కుండీలు పెట్టి ఏడాదంతా టీ తాగొచ్చని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. కుండీలో దిగుబడి ఇంకా తగ్గుతుంది. వారానికి రెండు సాయంత్రాలకైతే 5 దుబ్బులు సరిపోతాయి. రోజూ కావాలంటే ప్రహరీ వెంట 32 అడుగులు, రెండడుగులకో పిలక. అంతే.

కోసేటప్పుడు నేలకు అర జానెడు లేదా కాస్త ఎక్కువ ఎత్తు, 10–15 సెంటీమీటర్లు, వదలండి. మళ్లీ చిగురిస్తుంది. ఆకును నీడనే ఆరబెట్టాలి. నిమ్మ వాసన ఇచ్చే సిట్రాల్ ఆవిరితో పోయే నూనె. అందుకే మరిగే నీళ్లు పోసి, అయిదు నిమిషాలు మూత పెట్టడం ముఖ్యం. చాలా ఇళ్లలో మూత లేకుండా మరిగించి, సువాసనంతా వంటింటికి పంచి, కప్పులో పసరు మిగుల్చుకుంటున్నారు.

తులసికి ఎండ, పుదీనాకు సగం నీడ, రెండింటికీ తడి. తులసి వెన్ను కనబడగానే తుంచితే ఆకు నిండుగా వస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు తులసి టీ రోజూ తాగే ముందు డాక్టరును అడగాలి.

నిమ్మగడ్డికి విత్తనం కొననక్కర్లేదు. పొరుగింటి దుబ్బులోంచి వేరున్న పిలక అడిగి తెచ్చుకోండి. జూన్ తొలి వానకు నాటితే అక్టోబరుకల్లా మొదటి కోత.