చాంపియన్ పనైపోయిందా? వాచ్‌ని కాదు, వాట్స్‌ని అడగండి

మే నెలలో ఓ ఆదివారం. 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టిన వెలోడ్రోమ్ ఉన్న మన ఓయూ క్యాంపస్‌లో రైడ్ అయ్యాక, తార్నాకలో చాయ్ తాగుతున్నాం. మాతో తొక్కే ఒక అన్న, వయసు 36, కాలేజీ రోజుల్లో రేసులు గెలిచినవాడు, చేతికున్న స్మార్ట్‌వాచ్ చూపించాడు. ఫిబ్రవరిలో 52 ఉన్న వీఓ2 మ్యాక్స్ ఇప్పుడు 47.

"ఇగ నా పనైపోయింది తమ్మీ. సైకిల్ అమ్మేస్త" అన్నాడు.

పెద్ద పెద్ద చాంపియన్ల గురించీ ఇదే మాట. ఒక సీజన్ పోగానే "వయసైపోయింది" అనేస్తారు. నిజంగా వయసేనా అని ఎలా తేల్చాలి? చూద్దాం.

రిజల్ట్ ఒక్కటే చూస్తే తప్పుతాం

2024 టూర్ డి ఫ్రాన్స్‌లో ప్లాటో డి బేయ్ కొండ. 1998లో మార్కో పాంటానీ పెట్టిన టైమ్‌ని యోనాస్ వింగెగో దాటేశాడు. అయినా స్టేజ్ ఓడిపోయాడు. ఎందుకంటే తడేయ్ పొగాచర్ ఇంకో 68 సెకన్లు ముందే ఫినిష్ చేశాడు. అంటే తను తగ్గలేదు, పక్కవాడు పెరిగాడు.

రివర్స్ కేసు కూడా ఉంది. అదే టూర్‌లో మార్క్ కావెండిష్ 39 ఏళ్ల వయసులో 35వ స్టేజ్ గెలిచి రికార్డు కొట్టాడు. కానీ స్ప్రింట్‌లో కాళ్ల పవర్‌తో పాటు టీమ్ సాయం, పొజిషన్, అనుభవం అన్నీ పనిచేస్తాయి. గెలిచాడు కదా అని పవర్ అలాగే ఉందని చెప్పలేం.

వయసా, దెబ్బా?

నాలుగు టూర్లు గెలిచిన క్రిస్ ఫ్రూమ్ 2019 జూన్‌లో ఘోరంగా పడ్డాడు, తొడ ఎముక విరిగింది. తర్వాత మళ్లీ పాత ఫామ్ రాలేదు. అప్పటికి వయసు 34. అదే 34లో ప్రిమోజ్ రోగ్లిచ్ 2024లో నాలుగో వుయెల్టా గెలిచాడు. అలెహాంద్రో వాల్వెర్దే 38 ఏళ్లకి, 2018లో వరల్డ్ చాంపియన్ అయ్యాడు. కాబట్టి పుట్టిన సంవత్సరం చూసి తీర్పు చెప్పొద్దు.

స్పీడ్ కూడా మోసం చేస్తుంది

చదును రోడ్డు మీద గాలిని తోసే పవర్, స్పీడ్‌కి క్యూబ్‌లో పెరుగుతుంది. అందుకే పవర్ 10 శాతం తగ్గినా స్పీడ్ 3-4 శాతమే తగ్గుతుంది. ఎదురుగాలి వచ్చినా, గుంపు వెనకాల దాక్కున్నా ఆ తేడా కనపడదు. కొండ మీద మాత్రం దాదాపు అంతా వాట్స్ పర్ కేజీదే. అందుకే చాంపియన్‌ని కొండ మీదే చూడాలి. అది కూడా అదే కొండని, అతని పాత టైమ్‌తోనే పోల్చాలి.

మరి అన్న వాచ్ సంగతి?

వాచ్ వీఓ2 మ్యాక్స్‌ని నేరుగా కొలవదు. హార్ట్ రేట్, స్పీడ్ లేదా పవర్ చూసి అంచనా వేస్తుంది. మే ఎండలో అదే స్పీడ్‌కి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. వాచ్ దాన్ని "ఫిట్‌నెస్ డౌన్" అనుకోవచ్చు. ఇంకో లెక్క చూడండి. ట్రైనింగ్ లేనివాళ్లకి వీఓ2 మ్యాక్స్ పదేళ్లకి సుమారు 10 శాతం తగ్గుతుంది, రెగ్యులర్‌గా తొక్కేవాళ్లకి అందులో సగం. 52 నుంచి 47 అంటే దాదాపు 10 శాతం. మూడు నెలల్లో పదేళ్ల వయసు ఎవరికి వస్తుంది?

అందుకే నా పవర్ మీటర్ పెడల్స్ అన్న సైకిల్‌కి బిగించాను. క్యాంపస్‌లో వాకర్లు, స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి కాబట్టి 20 నిమిషాల టెస్ట్ వాళ్ల ఇంట్లోనే, ట్రైనర్ మీద, ఫ్యాన్ పెట్టి చేశాం. జీరో కాలిబ్రేషన్ మర్చిపోవద్దు, లేకపోతే నంబర్ తప్పొస్తుంది.

2019లో అన్న పాత ఫైల్: 280 వాట్స్, బరువు 70 కేజీలు, అంటే కేజీకి 4.0. ఇప్పుడు: 275 వాట్స్, బరువు 76, కేజీకి 3.6. ఆ 5 వాట్స్ తేడా మీటర్ ఎర్రర్‌లోనే పోతుంది. ఇంజిన్ అలాగే ఉంది, లోడ్ పెరిగింది!

వయసు అసలు లేదని కాదు. వరసగా రెండు రోజులు గట్టిగా తొక్కితే ఇప్పుడు కోలుకోడానికి ఎక్కువ టైమ్ పడుతోందని అన్నే ఒప్పుకున్నాడు. కానీ దానికి మందు రెస్ట్ డే, సైకిల్ అమ్మడం కాదు.

సో ఫ్రెండ్స్, ఎవరి పనైనా అయిపోయిందని అనేముందు అదే కొండ, అదే టెస్ట్, అదే మీటర్, కనీసం రెండు మూడు సీజన్ల డేటా చూడండి. మధ్యలో దెబ్బలు, జబ్బులు ఉన్నాయేమో కనుక్కోండి.

అన్న సైకిల్ అమ్మలేదు. చాయ్‌లో చక్కెర మాత్రం మానేశాడు.