బొమ్మను నిలబెడదాం!

ఏరికోరి కొన్న బొమ్మ బీరువా అడుగున ఎందుకు పడుకోవాలి? చెక్కముక్క, వెదురు పుల్ల, మూరెడు తీగ ఉంటే చాలు. దాని పీఠం ఇంట్లోనే తయారవుతుంది.

లంబాడీ బొమ్మకు అందమంతా పేటియాదే. అద్దాలు, దారాల పనితనంతో మెరిసే ఆ కుచ్చుల లంగా, పైన కాంచళి రవిక, తలమీద టుక్రి ముసుగు చూడాలంటే బొమ్మ నిటారుగా నిలబడాలి. లోపలున్నది గుడ్డా దూదే కాబట్టి తనంతట తాను నిలవలేదు. గోడకు ఆనిస్తే జారుతుంది, పడుకోబెడితే కుచ్చులు నలుగుతాయి. తండాలు దండిగా ఉన్న మరిపెడ ప్రాంతంలో ఇలాంటి బొమ్మను ముచ్చటపడి దాచుకునేవారికి మొదట కావాల్సింది గాజు బీరువా కాదు, పీఠం.

బొమ్మను నిలబెట్టి చూపడం మనకు కొత్త కాదు. బొమ్మల కొలువుకు ట్రంకు పెట్టెలు, బల్లలు, పీటలు పేర్చి, పైన తెల్లటి పంచె పరిచి మెట్లు కట్టిన ఇళ్లెన్నో. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది... బేసి సంఖ్యలోనే మెట్లు. జపాన్‌లోనూ మార్చి 3న జరిగే హినమత్సురి పండుగకు ఎర్రగుడ్డ పరిచిన మెట్లమీద రాజదంపతుల బొమ్మలను కొలువుదీరుస్తారు.

మరిపెడకు ఇంకా దగ్గరి ఉదాహరణ చేర్యాల. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా రెండూ వరంగల్ జిల్లాలోనివే. చేర్యాల నకాశీ కళాకారులు చేసిన బొమ్మలనే పాత్రలుగా నిలబెట్టి, మందహెచ్చుల కథకులు గొల్లలకు కాటమరాజు కథ చెబుతారు. కథ సాగాలంటే బొమ్మ నిలబడాల్సిందే.

పీఠం ఇలా...

అడుగు ఎత్తు బొమ్మనే తీసుకుందాం. వడ్ల పనిచేసే చోట మిగిలిన టేకు ముక్కను అయిదంగుళాల పలకగా కోయించాలి. మందం అంగుళం ఉంటే మంచిది. బొమ్మ బరువంతా పీఠం అంచుల లోపలే పడాలన్నది ఇక్కడి సూత్రం. పీఠం ఇరుకైనా, తేలికైనా ఫ్యాను గాలికే బోల్తా పడుతుంది. చెక్క మరీ తేలికైతే అడుగున ఇనుప వాషర్లు అంటిస్తే సరి.

నిలువుపుల్లకు పెన్సిలు మందాన వెదురు చాలు. అరికాలి నుంచి నడుము దాకా కొలిచి, పీఠంలోకి దిగే ముప్పావు అంగుళం కలిపి కోయాలి. రంధ్రం సరిగ్గా నడిమధ్యలో వద్దు, కాస్త వెనక్కి జరపాలి. అప్పుడే ముందు నిలిచే బొమ్మ బరువు నడుమకు వస్తుంది. పుల్ల పైకొసన చిన్న గాడి కోసి, బైండింగ్ వైరును దానిచుట్టూ బిగించి, రెండు కొసలనూ ముందుకు వంచితే అవి బొమ్మ నడుమును రెండు చేతుల్లా పట్టుకుంటాయి. కొసలు లోపలికి మడిచి, తీగంతటికీ నూలు పట్టీ చుట్టాలి. ఉప్పు కాగితంతో చెక్కను నునుపు చేసి, ఫెవికాల్‌తో పుల్ల నిలిపి, ఒక రోజంతా ఆరనివ్వాలి. లంబాడీ బొమ్మకైతే మరో సౌకర్యం ఉంది. ఆ తీగ పట్టీని పేటియా కింద నడుముకు తొడిగితే పుల్ల, తీగ రెండూ కనిపించవు.

ఏ బొమ్మకు ఏ తీరు

ప్రతి బొమ్మకూ నడుము పట్టీ పనికిరాదు. నిర్మల్, కొండపల్లి బొమ్మలు తేలికైన పొణికి కర్రవి. తీగ ఒరుసుకుంటే వాటి రంగు లేస్తుంది. వాటికి అంచు కట్టిన మెట్టు మేలు. చింతగింజల ముద్ద, రంపపుపొట్టుతో చేసే చేర్యాల ముఖాలను వెనకనుంచి ఆనించి నిలిపే వాలుచట్రం కావాలి. తంజావూరు తలాడించే బొమ్మకు అడుగునే బరువుంటుంది కనుక సమతలం చాలు.

1959లో వచ్చిన తొలి బార్బీకి తయారీదారులే పీఠం ఇచ్చారు. అరికాళ్ల రంధ్రాల్లోకి పీఠం మీది రెండు మొనలు దిగేవి. అదే కాలపు బార్బీల్లో ఇంకో పాఠమూ ఉంది. లోహపు పోగుల వల్ల ఎన్నో బొమ్మల చెవులు ఆకుపచ్చగా మారాయి. అందుకే ప్లాస్టిక్ బొమ్మకు రాగితీగ తగలనివ్వకూడదు. సైకిల్ ట్యూబు రబ్బరూ మరక చేస్తుంది, దాన్నీ వాడొద్దు. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెడితే ఏ బొమ్మ రంగైనా వెలిసిపోతుంది. దుమ్ముకు మెత్తటి పొడి కుంచె చాలు, తడిగుడ్డ వద్దు.

ఢిల్లీలో 1965లో కార్టూనిస్టు శంకర్ ప్రారంభించిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియానికి బీజం హంగేరీ రాయబారి ఇచ్చిన ఒకే ఒక్క బొమ్మ. అక్కడి బొమ్మలు ఏ దేశంవారు ఏం కట్టుకుంటారో, ఎలా ముస్తాబవుతారో చూపుతాయి. మన తండా పేటియా, మన చేర్యాల ముఖం కూడా అలాంటి సాక్ష్యాలే.

ఈ దసరా సెలవుల్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పీఠం చేయండి. రంపం, బర్మా పెద్దల చేతిలో ఉండాలి, కొలతలు, ఉప్పు కాగితం పిల్లలకు వదలండి. పీఠం కింద బొమ్మ పేరు, చేసిన ఊరు, కొన్న ఏడాది రాయించడం మరవొద్దు.