దెబ్బ తిని రాయి అయిన మట్టి

భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్ట ఉన్నది. అక్కడి రాళ్ళను చేత్తో తడిమితే ఇసుక గరుకు తెలుస్తుంది. ఒకప్పుడవి నిజంగా ఇసుకే! పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక పైబరువుకు అణిగిపోయింది. నీటిలో కరిగిన ఖనిజాలు రేణువుల మధ్య చేరి, గోడకు సున్నంలాగా వాటిని అతికించాయి. ఇందుకు లక్షల ఏళ్ళు పడుతుంది.

చంద్రుడి నేలా పొడి మట్టే. కాని అక్కడ వానలు లేవు, వాగులు లేవు. అయినా 1969 జూలైలో అపోలో 11 యాత్రికులు ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ తెచ్చిన సుమారు 22 కిలోల రాళ్ళూ మట్టిలో, ఆ పొడే గట్టిపడి ఏర్పడిన రాళ్ళు చాలా ఉన్నాయి. నీరు లేనిచోట దాన్ని అతికించింది ఏమిటి?

ఉల్కల దెబ్బ! ఉల్కలను అడ్డుకునే గాలి చంద్రుడికి లేదు. అవి సెకనుకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి తాకుతాయి. ఆ వేగంతో తిన్నగా పోతే జనగామ నుంచి భూపాలపల్లికి ఆరు సెకన్లు చాలు!

"ఇసుకను రోకలితో పొడిస్తే చెదురుతుంది గాని రాయి అవుతుందా?" అని మీరడగవచ్చు. రోకలి దెబ్బ నెమ్మది. రేణువులు పక్కకు తప్పుకుంటాయి. ఉల్క తాకినప్పుడు కూడా కొంత మట్టి ఎగిరిపోతుంది. కాని అడుగున ఉన్న మట్టికి తప్పుకునే వ్యవధి ఉండదు. ఒత్తిడి అలలాగా దానిగుండా దూసుకుపోతుంది. రేణువుల మధ్య సందులు మూసుకుపోతాయి. రేణువులు ఒకదానినొకటి ఒరుసుకుని, అంచులు కాలి కరుగుతాయి. కరిగినది వెంటనే చల్లారి గాజు అవుతుంది. ఆ గాజే జిగురు! ఇలా ముక్కలు అతుక్కుని ఏర్పడిన రాయిని బ్రెక్సియా అంటారు.

చిత్రమేమంటే, చంద్రుడి రాళ్ళను కోట్ల ఏళ్ళుగా పొడి చేసిందీ ఉల్కలే, ఆ పొడిని మళ్ళీ రాయి చేసిందీ ఉల్కలే. 1982లో అంటార్కిటికా మంచు మీద దొరికిన ఒక రాయి ఇటువంటిదే. ఒక దెబ్బకు రాయి అయింది. మరొక దెబ్బకు చంద్రుణ్ణి వదిలి భూమికి వచ్చి పడింది!

శాస్త్రజ్ఞులకు ఈ రాళ్ళు పెన్నిధులు. సూర్యుడి నుంచి వీచే సన్నని వాయుకణాలు చంద్రుడి మట్టిలో నాటుకుంటాయి. ఆ మట్టి రాయి అయితే అవీ అందులో బందీ అవుతాయి. అందుచేత కోట్ల ఏళ్ళనాటి సూర్యుడు ఎలా ఉండేవాడో తెలుసుకోవాలంటే ఆ రాయినే అడగాలి.