వార్తల్లో పదం: సీఓపీడీ

తమిళనాడులోని కోవిల్‌పట్టి అంటే కడలై మిఠాయి, అగ్గిపెట్టెలు. విరుదునగర్ జిల్లా అంటే శివకాశి టపాసులు. తరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ నల్లరేగడి సీమ ఇది.

ఇక్కడ ఎముకలు కొరికే చలి ఉండదు. ఈశాన్య రుతుపవనాల ముసురు, మార్గళి మంచు... సీఓపీడీ (క్రానిక్ అబ్‌స్ట్రక్టివ్ పల్మనరీ డిసీజ్) రోగికి ఆయాసం పెరగడానికి ఆ మాత్రం చలే చాలు.

ఊపిరి గొట్టాలు దెబ్బతిని, మళ్లీ పూర్తిగా తెరుచుకోనంతగా ఇరుకైపోవడమే ఈ జబ్బు. పొగాకు ప్రధాన దోషి. కట్టెల పొయ్యి పొగ, పనిచోట దుమ్ము కూడా తక్కువేం తినలేదు. 2021లో ప్రపంచంలో దాదాపు 35 లక్షల మంది దీనితో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గొట్టంలోకి బలంగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్షతో నిర్ధారిస్తారు.

చల్లని పొడిగాలి తగిలితే గొట్టాలు బిగుసుకుంటాయి. ముక్కుతో పీలిస్తే గాలి వెచ్చబడి, తేమ పట్టి లోపలికి వెళ్తుంది. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గేసే అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం చాదస్తం కాదు, శాస్త్రమే!

జలుబు ముదిరితే ముప్పు. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి. న్యుమోకోకల్ టీకా గురించి డాక్టర్‌ను అడగాలి. ఇన్‌హేలర్ వ్యసనమవుతుందన్న భయం వట్టిది. కఫం రంగు మారినా, ఆయాసం పెరిగినా కషాయాలతో సరిపెట్టకుండా ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి.