ముక్కు ఎత్తే పడవకు ముందు బరువే మందు

2024 ఆగస్టు 10 రాత్రి. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. తెల్లారేసరికి మా ఆదోని వాట్సాప్ గ్రూపులన్నీ ఒకటే మోత. 'డ్యామ్ పోయిందంట', 'మంత్రాలయం మునిగిపోతుందంట'. డ్యామ్ పోలేదు. దాని మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తారు. దాదాపు లక్ష క్యూసెక్కుల నీళ్ళు కిందికి వదిలారు. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో నది ఒడ్డు ఊళ్ళను అప్రమత్తం చేశారు. వారం రోజుల్లోనే కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్ గేటు దించేశారు, గండం గడిచింది.

బెంగళూరులో నా రూమ్‌లో కూర్చుని అవన్నీ స్క్రోల్ చేస్తుంటే నాకు మాత్రం 2009 గుర్తొచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అక్టోబర్ 2న కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది. మా మేనత్త వాళ్ళది మంత్రాలయమే. మూడు రోజులు ఫోన్ లేదు. తర్వాత ఆదోని వచ్చి ఆమె చెప్పిన మాట ఒకటి నా బుర్రలో అలాగే ఉండిపోయింది: "మిద్దె మీద ఉన్నాం రా. ఒక రబ్బరు బోటు వచ్చింది. మా దగ్గరికి వచ్చేలోపల ముక్కు పైకి లేపి, అడ్డం తిరిగి, వెనక్కి కొట్టుకుపోయింది."

ఎందుకు లేపింది? ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. గేటు కొట్టుకుపోయాక వేసుకున్నా.

ఎమ్మిగనూరులో మా ఫ్రెండ్స్ నలుగురం కలిసి సెకండ్ హ్యాండ్‌లో ఒక రబ్బరు బోటు కొన్నాం. పొడవు 3.3 మీటర్లు. వెనక తగిలించే 10 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళ 10వ బెటాలియన్ ఉండేది విజయవాడ పక్కన కొండపావులూరులో. అక్కడి నుంచి మన నది ఒడ్డుకు వాళ్ళు వచ్చేలోపు ఒకటి రెండు ఊళ్ళకైనా పనికొస్తుందని మా ఆశ. వరద తగ్గి నీళ్ళు నెమ్మదించాక, పోలీసులకు చెప్పి, లైఫ్ జాకెట్లు వేసుకుని నదిలో దించాం.

మొదటి ట్రయల్ గురించి నిజం చెప్పాలంటే సిగ్గేస్తుంది. మోటారు వెనక. దాని హ్యాండిల్ పట్టుకుని 75 కిలోల నేను వెనక. పైపు పొట్టిగా ఉందని 25 లీటర్ల పెట్రోల్ ట్యాంకు కూడా నా కాళ్ళ దగ్గరే. ముందర మావాడు ఒక్కడు, బక్కోడు. యాక్సిలరేటర్ తిప్పగానే బోటు ముక్కు లేచింది. లేచిందంటే మామూలుగా కాదు, నాకు ఎదురుగా నది కనపడలేదు, ఆకాశం కనపడింది. అంతలో పక్క నుంచి గాలి కొట్టింది. ముక్కు కింద దూరిన గాలి బోటును గొడుగులాగా తిప్పేసింది. ముందున్నవాడు నేల మీద పడుకున్నాడు కాబట్టి బతికిపోయాం.

ఒడ్డున ఒక పుట్టి నడిపే తాత బీడీ తాగుతూ ఇదంతా చూస్తా ఉన్నాడు. మేం ఒడ్డుకొచ్చాక నింపాదిగా అడిగాడు.

"ఏమప్పా, అది పడవనా గుర్రమా? ముక్కు మింటికి పోతాంది."

"మోటారు పవర్ ఎక్కువైనట్టుంది తాతా."

"పవరు కాదులేప్పా. ఎద్దులబండి ఎప్పుడన్నా తోలినావా? వెనకమొగ్గు పెడితే కాడి లేచి ఎద్దు గొంతు పట్టుకోదా?"

అంతే. మూడు వారాలు యూట్యూబ్ చూసినా ఎక్కనిది ఒక్క మాటలో ఎక్కింది. బండికి ఇరుసు ఎట్లాగో, పడవకు నీళ్ళు తన్నిపట్టే మధ్య చోటు అట్లాగ. దానికి వెనక ఎంత బరువు పెడితే అంత ముక్కు లేస్తుంది. పైగా మోటారు నీళ్ళ అడుగున ముందుకు తోస్తుంది కాబట్టి, ఆ తోపు కూడా ముక్కునే పైకి ఎత్తుతుంది. పెద్ద పడవ బరువుకు ఇదంతా లెక్కలోకి రాదు. బోటంతా కలిపి మనిషి బరువంత కూడా లేని రబ్బరు బోటుకు ఇదే లెక్క.

ఇంటికొచ్చి కాగితం తీశా. 25 లీటర్ల పెట్రోలంటే సుమారు 18.5 కిలోలు. ట్యాంకును వెనక నుంచి రెండు మీటర్లు ముందుకు జరిపితే, అది 75 కిలోల నన్ను అర మీటరు ముందుకు జరపడంతో సమానం. ఖర్చు? కాస్త పొడుగు పెట్రోల్ పైపు. మేమేమో అప్పటికే 'ఇంకా పెద్ద మోటారు కొందామా' అని ఓఎల్ఎక్స్‌లో వెతుకుతున్నాం! పెద్ద మోటారంటే ఇంకా బరువు, అదీ వెనకే. అసలు బోటు మీద రేకు మీద ఎంత హార్స్‌పవర్ దాకా పెట్టొచ్చో రాసే ఉంటుంది. అది దాటితే చేతులారా తెచ్చుకున్నట్టే.

రెండోది, నేను ముందుకు జరగడం. హ్యాండిల్ వెనక ఉంటే నేనెలా జరగాలి? దానికి ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది, హ్యాండిల్‌కు బిగించే పొడుగు గొట్టం. కొందరు పీవీసీ పైపు తొడిగేసి పని కానిస్తారు. మేమూ అదే చేశాం, ఒక్కరోజు. తడి చేత్తో తిప్పితే పైపు తిరిగింది, యాక్సిలరేటర్ తిరగలేదు. తగ్గించాల్సిన టైమ్‌లో తగ్గకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గట్టిగా బిగుసుకునేదే కొనండి. అది పెట్టాక నేను దాదాపు నడిమధ్యకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నా. అదే మోటారు, అదే బోటు. ముక్కు కొంచెం లేచి, వెంటనే దిగి, నీళ్ళ మీద జారుతూ పోయింది. దీన్నే ప్లేనింగ్ అంటారు. అక్కడిదాకా చేరితే బోటు మాట వింటుంది. చేరకముందు మాత్రం తన గుంతలో తానే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

ఇక గాలి. ఇది మన ఆదోని ఎండకు ప్రత్యేకం. చాలా బోట్ల ట్యూబుల్లో 3 నుంచి 3.6 పీఎస్ఐ దాకా కొట్టమంటారు, మీ బోటు మీద ఎంత రాస్తే అంత. మనం మధ్యాహ్నం ఎండలో ఒడ్డున కొట్టేస్తాం, గట్టిగా ఉంటుంది, సంబరపడతాం. ట్యూబులో గాలి 45 డిగ్రీల్లో 3.6 ఉందనుకోండి. నీళ్ళలోకి దిగి 25కు చల్లబడితే అదే గాలి లెక్క ప్రకారం దాదాపు 2.5కు పడిపోతుంది. మూడో వంతు పోయినట్టే. ఇంటర్‌లో చదివిన గ్యాస్ లా ఇక్కడ పనికొచ్చింది. మెత్తబడిన బోటు మధ్యలో మడత పడుతుంది. ముక్కు ఒక దారి, మోటారు ఒక దారి. అడుగున ఉండే గాలి కీలు మెత్తబడితే మరీ ఘోరం, మలుపు తిప్పితే బోటు తిరగదు, సబ్బు మీద కాలేసినట్టు పక్కకు జారుతుంది. అందుకే నీళ్ళలో దించి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ గేజ్ పెట్టి చూసి కొట్టాలి. తిరిగి ఎండలో ఒడ్డుకు లాగగానే కొంత వదలాలి. ఈ రెండోది మర్చిపోతే అతుకులు పిగులుతాయి.

మోటారు ఎత్తు సంగతి చూద్దాం. ప్రొపెల్లర్‌కు కొంచెం పైన ఒక అడ్డరేకు ఉంటుంది. అది బోటు అడుగుకు సమానంగానో, ఒక అంగుళం కిందో ఉండాలి. పైకుంటే మలుపులో ప్రొపెల్లర్ గాలి మింగి, మోటారు అరుస్తుంది కానీ బోటు కదలదు. మరీ కిందుంటే ఊరికే నీళ్ళు చిమ్ముతూ ఈడుస్తుంది. మా మోటారు పొడుగు కాలిది, 20 అంగుళాలు. బోటేమో 15 అంగుళాల పొట్టి కాలికి చేసింది. అమ్మినాయన ఆ ముక్క చెప్పలేదు, మేం అడగనూ లేదు. చివరికి వెనక చెక్క మీద ఇంకో గట్టి చెక్క బోల్టులతో బిగించి పైకెత్తాం. మోటారు బిగింపు దగ్గర ఒక పిన్ను, దానికి నాలుగైదు రంధ్రాలు ఉంటాయి. ముక్కు లేస్తుంటే పిన్ను లోపలి రంధ్రంలోకి మార్చాలి. ముక్కు నీళ్ళను తవ్వుతుంటే బయటి దాంట్లోకి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికి తెలియాలి. కోడ్ రాసేవాళ్ళకు ఇది కొత్తగా చెప్పాలా?

ఆ అడ్డరేకుకు తగిలించే రెక్కలు, హైడ్రోఫాయిల్ అంటారు, అవీ అమ్ముతారు. వెనక భాగాన్ని కాస్త ఎత్తి త్వరగా ప్లేనింగ్‌కు తెస్తాయి. మంచివే. కానీ బరువు సర్దకుండా అవి పెట్టడమంటే జ్వరానికి పౌడర్ రాసినట్టే. నలుగురైదుగురిని ఎక్కించుకోవాలంటే తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్ అంతకంటే మేలు. స్పీడు తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది.

ఇంత సర్దినా, పారే నీళ్ళలో బోటు వేరే జంతువు. ఔట్‌బోర్డ్‌కు చుక్కాని విడిగా ఉండదు, ప్రొపెల్లర్ తోసే తోపే చుక్కాని. భయపడి యాక్సిలరేటర్ వదిలేశారా, స్టీరింగ్ కూడా వదిలేసినట్టే. పైగా హఠాత్తుగా ఆపితే వెనక వచ్చే అల మోటారు మీదుగా లోపలికి దూకుతుంది. నది దాటేటప్పుడు అవతలి ఒడ్డుకు నేరుగా గురిపెట్టకూడదు. ముక్కును ప్రవాహానికి ఎదురుగా, కొంచెం ఏటవాలుగా పెట్టి, కొట్టుకుపోకుండా ఉండేంత మాత్రమే మోటారు ఇస్తే, బోటు పక్కకు పక్కకు జరుగుతూ తానే పోతుంది. పుట్టి తాత తెడ్డుతో చేసేదీ సుమారుగా ఇదే. అందుకే ఆయన ఎప్పుడూ తనకు కావాల్సిన చోటికి చాలా ఎగువ నుంచి బయల్దేరతాడు.

మనిషిని ఎక్కించుకోవాలంటే దిగువ నుంచి, ఎదురీదుతూ దగ్గరికి పోవాలి. అప్పుడు నీళ్ళే మనకు బ్రేకు. దగ్గరికి రాగానే మోటారు న్యూట్రల్, నీళ్ళలో మనిషి ఉంటే పూర్తిగా ఆఫ్. వెనక నుంచి కాదు, పక్క నుంచి లాగాలి. లోపలున్నవాళ్ళు అవతలి పక్కకు ఒరగాలి, లేకపోతే అందరూ నీళ్ళలోకే. మోటారుకు ఎర్ర తాడు ఒకటి ఉంటుంది, కిల్ కార్డ్. అది నడిపేవాడి మణికట్టుకో, జాకెట్‌కో ఉండాల్సిందే. మనిషి పడితే తాడు ఊడి మోటారు ఆగిపోతుంది. లేకపోతే ఖాళీ బోటు గుండ్రంగా తిరిగొచ్చి పడ్డవాడి మీదికే వస్తుంది.

ఇవన్నీ నేర్చుకున్నాక మేనత్తకు ఫోన్ చేశా. "అత్తా, ఆ రోజు వచ్చిన బోటులో మనుషులు ఎక్కడ కూర్చున్నారో గుర్తుందా?"

"పదహారేండ్లయ్య రా!" అంది. కాసేపాగి, "ముగ్గురు. ముగ్గురూ వెనకనే. ముందర ఎవరూ లేరు," అంది.

ఆ బోటు ఎవరిదో, ఎంత ప్రవాహంలో వచ్చారో నాకు తెలియదు. ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్ళను తప్పుపట్టే పని నాది కాదు. ఆమెను, ఇద్దరు పిల్లల్ని మర్నాడు దించింది పుట్టి వాళ్ళే. పుట్టికి ముక్కూ లేదు, తోకా లేదు, ఎత్తడానికి.

పోయిన వారం ట్రయల్‌కు తాతను బతిమాలి ముందర కూర్చోబెట్టాం. లైఫ్ జాకెట్ వేసుకోనన్నాడు, వేశాం. నది మధ్యలో సర్కారు కంప కొమ్మ ఒకటి ట్యూబుకు గీసుకుని, ఒక గది గాలి బుస్సుమని పోయింది. బోటులో విడివిడి గదులుంటాయి కాబట్టి మునగలేదు. తాతను రెండో పక్కకు జరిపి, మెల్లగా ఒడ్డుకొచ్చాం. ఆయన దిగి, వంగి, మెత్తబడిన ట్యూబును వేలితో నొక్కి చూశాడు.

"పుట్టికైతే తారు పూసేటోణ్ణి. దీనికేం పూస్తారప్పా?"

ప్యాచ్, గమ్ము ఆర్డర్ పెట్టాం. డెలివరీ గురువారమట.